ఉపా కేసుల లాయరవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా అమ్మాయి బీకాం చివరి ఏడాది. తర్వాత లా చదివి, ఉగ్రవాద కేసుల్లో నిందితుల తరఫున వాదిస్తానంటోంది. భయంగా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, నిందితుడి తరఫున నిలబడ్డంత మాత్రాన అతను చేసిందాన్ని వెనకేసుకొచ్చినట్టు కాదు. ఫలానా కేసు ఎవరూ తీసుకోవద్దని బార్ అసోసియేషన్లు తీర్మానిస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

ఈ పనిలో ఆవేశం కన్నా క్యాలెండర్ ముఖ్యం. ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసైనా సరే, అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టు కారణాలు నిందితుడికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వలేదనే న్యూస్‌క్లిక్ వార్తాసంస్థ ఎడిటర్ ప్రబీర్ పుర్కాయస్థ అరెస్టు చెల్లదని 2024లో తీర్పొచ్చింది. చార్జిషీటుకు గడువు 90 రోజులు, కోర్టు దాన్ని 180 దాకా పొడిగించవచ్చు. అయితే దర్యాప్తు ఎంతవరకొచ్చిందో, ఇంకా ఎందుకు లోపల ఉంచాలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన రిపోర్టులో చెప్పాలి. పోలీసుల ఉత్తరాన్నే మక్కీకి మక్కీ దించితే డిఫెన్సు లాయరు పట్టుకునేది అక్కడే. గడువు దాటినా చార్జిషీటు పడకపోతే ఆ రోజే డిఫాల్ట్ బెయిలు (గడువు మీరినందుకు హక్కుగా దొరికే బెయిలు) దరఖాస్తు వేయాలి. రేపు చూద్దామనుకునేలోగా చార్జిషీటు పడిందా, ఆ హక్కు పోయినట్టే.

తర్వాత అడ్డొచ్చేది ఉపాలోని సెక్షన్ 43డి(5). కాగితాలు చూసి ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిలు ఇవ్వకూడదు. ఆ దశలో సాక్ష్యాలను లోతుగా తూచొద్దని 2019 నాటి వటాలీ తీర్పు దాన్ని ఇంకా బిగించింది. విచారణ ఇప్పట్లో తేలే దారి లేకపోతే, ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నవాళ్ళకు హైకోర్టు, సుప్రీంకోర్టు బెయిలు ఇవ్వవచ్చని 2021లో నజీబ్ తీర్పు చెప్పింది. అందుకే ఎందరు సాక్షులు, ఎందరి విచారణ అయింది, ఏ వాయిదా ఎవరు అడిగారు అన్న పట్టిక జూనియర్ చేతిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. విసుగు పుట్టించే పనే, కానీ బెయిలు నిలబడేది దాని మీదే.

చదువుకు నాగరభావిలోని నేషనల్ లా స్కూల్‌లో మూడేళ్ళ ఎల్ఎల్‌బీ ఉంది. దానికి ఎన్ఎల్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్ పరీక్ష. మొదటి రెండు మూడేళ్ళు సీనియర్ దగ్గర చేతికొచ్చేది తక్కువ, ఇంటి నుంచి ఆసరా కావాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సెల్ (లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే) పోస్టులు కొత్తవాళ్ళకు బాగుంటాయి, కాకపోతే ప్రైవేటు కేసులు చేయకూడదు. ఏడేళ్ళ ప్రాక్టీసు తర్వాత మనసు మారితే ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) ప్రాసిక్యూటర్ దారీ ఉంది. చదవాల్సిన సెక్షన్లు అవే.

ఇంకో మాట. ఇక్కడి ఎఫ్ఐఆర్లు, పంచనామాలు ఎక్కువగా కన్నడలోనే ఉంటాయి. మీ అమ్మాయికి మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోతే ఈ సెలవుల్లోనే మొదలెట్టించండి. అక్షరాలు మన తెలుగుకు దగ్గరే.