మాట్లాడని కంపెనీ గురించి రాసేటప్పుడు

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

హైదరాబాదు పత్రికలో టెక్నాలజీ విలేకరిగా చేరావని మీ అమ్మ చెప్పింది. యాపిల్ వంటి గుట్టు కంపెనీల పీఆర్ వారితో, అంటే పత్రికలతో మాట్లాడే ప్రచార విభాగంవారితో, ఎలా మసలుకోవాలని ఉత్తరంలో అడిగావు. ముప్పై ఏళ్లుగా ఈ జిల్లాలో కలెక్టరేటు వార్తలు, ఫ్యాక్టరీ వార్తలు, తుఫాను వార్తలు రాసినవాణ్ణే తప్ప ఐఫోన్ల సంగతి నాకు తెలియదు. అయినా సమాచారాన్ని గుప్పిట పట్టుకున్నవారి తీరు ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా, యాపిల్ ప్రధాన కార్యాలయం ఉన్న అమెరికా ఊరు కుపర్టినోలోనైనా ఒకటేనని నా అనుభవం.

వదంతులపై వ్యాఖ్యానించబోమని వారు సాధారణంగా అన్నింటికీ ఒకటే జవాబు చెబుతారు. ఈరోజు తప్పుడు వార్తను ఖండిస్తే, రేపు ఖండించని వార్త నిజమని అందరూ అనుకుంటారు గదా! అందుకని నువ్వు "కంపెనీ ఖండించలేదు" అని రాయకు. ఆ మాట పాఠకుడి చెవికి ఒప్పుకోలులా వినిపిస్తుంది. ఫలానా రోజు అడిగామని, అచ్చుకు వెళ్లేవరకు జవాబు రాలేదని రాస్తే చాలు.

మౌనం కంటే ఎక్కువ జాగ్రత్త వారి ఆదరణ దగ్గర అవసరం. 2007 జూన్ 29న మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చినప్పుడు, అంతకుముందే దాన్ని చేతపట్టి సమీక్ష రాసే అవకాశం అమెరికాలో నలుగురు విలేకరులకే దక్కింది. పొగడమని ఎవరూ చెప్పనక్కరలేదు. మరుసటిసారి ఆ కొద్దిమందిలో మన పేరు ఉండదేమోనన్న భయమే కలాన్ని మెత్తబరుస్తుంది. సమీక్షకు ఇచ్చిన ఫోను గడువులోగా తిరిగి పంపి, పంపిన రసీదు దాచుకో. ఎంబార్గోకు, అంటే ఫలానా గంట వరకు వార్త ప్రచురించకూడదనే షరతుకు, ఒప్పుకునే ముందు గంట కూడా చూసుకో: అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం ఆరంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర.

"ఆఫ్ ది రికార్డ్", అంటే చెప్పింది అచ్చులో రాయకూడదనే షరతు, మాటకు ముందు రావాలి, మాట అయిపోయాక కాదు. ఒకసారి ఒక ఫ్యాక్టరీ అధికారి అంతా చెప్పి, చివర్లో ఆ ముక్క అన్నాడు. నేను మొహమాటపడి సరేనన్నాను, సోమవారం దాకా ఆగుతానని కూడా మాట ఇచ్చాను. ఆదివారం అదే వార్త మరో పత్రికలో అచ్చయింది. నాకు చెప్పినాయనే వాళ్లకూ చెప్పాడని తరువాత తెలిసింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదనుకో.

కంపెనీ చెప్పినదాన్ని కంపెనీ చెప్పినట్లుగానే రాయి, నీ మాటగా మార్చకు. 2009 జనవరి 5న అప్పటి యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తాను బరువు తగ్గడానికి హార్మోన్ల అసమతుల్యత కారణమని, చికిత్స తేలికైనదేనని బహిరంగ లేఖ రాశాడు. తొమ్మిది రోజులకే సమస్య అనుకున్నదానికంటే జటిలమైనదంటూ సెలవు మీద వెళ్లాడు. కాలేయ మార్పిడి జరిగిన సంగతి జూన్‌లో గాని బయటపడలేదు. మొదటి లేఖను "జాబ్స్ తెలిపారు" అని రాసినవారు దిద్దుకోవలసింది ఏమీ లేకపోయింది. అదే నిజమని సొంత గొంతుతో రాసినవారి సంగతి వేరు.

వారి నోరు తెరిపించేవి కొలతలు, కాగితాలు. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లు నెమ్మదిస్తున్నాయని 2017 డిసెంబరులో వాడకందారులు, వేగం కొలిచేవారు అంకెలతో చూపించారు. కంపెనీ అది నిజమేనని ఒప్పుకుని, 28న క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. లోపలి మనిషి కోసం ఏడాది తిరగడం కంటే కోర్టు దస్తావేజులు, వాటాదారులకు ఇచ్చే వార్షిక నివేదికలు ఓపికగా చదవడం మేలు.

వార్త వచ్చాక "ఇందులో తప్పుంది" అని ఫోను వస్తే, ఏ వాక్యమో, సరైనది ఏమిటో చెప్పమని మర్యాదగా అడుగు. చెబితే ఆ పూటే సరిచేయి. సరైనది చెప్పకుండా తప్పని మాత్రమే అంటే, ఆ సంగతి డెస్కుకు చెప్పి వార్తను ఉన్నచోటే ఉండనివ్వు. ఫోను చేసిన మనిషి మీద కోపం పెట్టుకోకు, ఆమెకూ పై నుంచి ఎంత చెప్పారో అంతే తెలిసి ఉండవచ్చు.

పైడితల్లి సిరిమానుకు వస్తావుగా. గంటస్తంభం దగ్గర ఫోన్లు బాగుచేసే కుర్రవాళ్ల దగ్గరకు నిన్ను తీసుకువెళతాను. ఏ మోడల్లో ఏ భాగం ముందు పాడవుతుందో వాళ్లను అడిగి రాసుకుందువుగాని.

ఇట్లు,
మీ మావయ్య