అట్లాంటాలో అన్ని దేశాల తిండి దొరుకుతుందా?

"ఉద్యోగం అట్లాంటాలో వచ్చింది, అక్కడ ఫ్రైడ్ చికెన్, బార్బెక్యూ తప్ప ఇంకేం దొరకదంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. టెన్షన్ పడకండి, అది పాత మాట.

దిగిన మొదటి శనివారమే బ్యూఫోర్డ్ హైవేకి వెళ్ళండి. షాంబ్లీ, డోరావిల్ మీదుగా పోయే ఈ రోడ్డు పక్కన అద్దెలు తక్కువని వియత్నాం, కొరియా, చైనావాళ్ళు, 1996 ఒలింపిక్స్ ముందు కట్టడాల పనులకు వచ్చిన మెక్సికో కూలీలు చేరారు, ఖాళీ పడ్డ పాత షాపుల్లోనే హోటళ్ళు పెట్టుకున్నారు. అందుకే పొగలు కక్కే ఫో (వియత్నాం నూడుల్స్ సూప్) గిన్నె ఒక తలుపు వెనక ఉంటే, పక్క తలుపు వెనక పెనం మీద మొక్కజొన్న రొట్టె కాలుతూ ఉంటుంది. కారు లేకపోయినా అక్కడి సిటీ రైలు మార్టా ఎక్కి గోల్డ్ లైన్ చివరి స్టేషన్ డోరావిల్‌లో దిగొచ్చు.

ఇథియోపియావాళ్ళ రొట్టె ఇంజెరా కావాలంటే శరణార్థులు ఎక్కువగా స్థిరపడ్డ క్లార్క్‌స్టన్ వైపు చూడండి, పులిసిన పిండితో పోస్తారు కాబట్టి మన దోసె తిన్న నోటికి ఆ పులుపు కొత్తగా ఉండదు.

మన సరుకులకు డెకేటర్ దగ్గర పటేల్ ప్లాజా ఉంది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండేది మాత్రం ఉత్తరాన ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమ్మింగ్‌లలో, ఇడ్లీ, బిర్యానీలకు అక్కడ వెతుక్కోనక్కర్లేదు.