లెక్కలు తీయబోతున్న చిట్టికి

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ దీవెనలు.

ఒక పొలిటికల్ యాక్షన్ కమిటీకి (పీఏసీ, అంటే ఎన్నికల కోసం చందాలు పోగుచేసి ఖర్చుపెట్టే సంఘానికి) డబ్బు ఎవరిచ్చారో, అది ఏ అభ్యర్థులకు చేరిందో మీ ఊరి పత్రిక కోసం లెక్క తీయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వపడ్డానో, అంత బెంగ కూడా పడ్డాను. ఏళ్ల తరబడి ఒక కమిటీకి ట్రెజరర్‌గా ఉండి ఆ నివేదికలు నింపినదాన్ని కదా, చెప్పకుండా ఉండలేను.

తేలిక పనులు ముందు. అమెరికా కేంద్ర ఎన్నికల చందాల లెక్కలు చూసే ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైట్‌లో కమిటీని పేరుతో కాక, 'సి'తో మొదలయ్యే నంబరుతో వెతుకు. ఒకేలాంటి పేర్లున్న కమిటీలు కోకొల్లలు. కమిటీ దాఖలు చేసే నివేదిక, అంటే ఫారం 3ఎక్స్, తెరువు. వచ్చిన డబ్బు షెడ్యూల్ ఎ, వెళ్లినది షెడ్యూల్ బి. ఫెడరల్ అభ్యర్థులకు ఇచ్చినవి 23వ వరుస కింద ఉంటాయి. సవరించిన నివేదిక ఉంటే పాతదాన్ని పక్కన పెట్టు. మెమో అని గుర్తున్న పద్దులను మొత్తంలో కలపకు, అదే డబ్బు రెండుసార్లు లెక్కకు వస్తుంది. అభ్యర్థితో కలవకుండా విడిగా ఖర్చుపెట్టే కమిటీ, అంటే సూపర్ పీఏసీ అయితే అభ్యర్థికి చందా ఇవ్వకూడదు, కాబట్టి ప్రకటనల ఖర్చు షెడ్యూల్ ఇలో చూడు. ఇవన్నీ నీకు ఒక మధ్యాహ్నంలో పట్టుబడతాయి.

నా బెంగంతా పేర్ల గురించి.

కొన్నేళ్ల కిందట ఇక్కడ న్యూజెర్సీలో ఒక కుర్రవాడు మనవాళ్ల పత్రిక ఒకదానికి ఇలాంటి జాబితాయే తయారుచేశాడు. చురుకైనవాడే. వెతుకుతుంటే ఒక కమిటీకి 5,000 డాలర్లు ఇచ్చిన పేరు కనిపించింది. ఆ పేరుగల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అతనికి గుడిలో పరిచయం. ఊరు కూడా కలిసింది. ఇంకేం, రాసేశాడు.

ఆ ఉద్యోగి హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. పౌరులూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లూ తప్ప ఇక్కడి ఎన్నికలకు విదేశీయులెవరూ చందా ఇవ్వకూడదు, అది నేరం. ఆ ఒక్క వాక్యంతో అతను చట్టం మీరినట్టు ఊరంతా చదివింది. ఆఫీసులో గుచ్చి గుచ్చి అడిగారు. అతని భార్య నాకు ఫోన్ చేసి, "అక్కా, మమ్మల్ని వెనక్కి పంపించేస్తారా?" అని ఏడ్చింది. చంటిపిల్ల ఏడుపు కూడా వెనక వినిపిస్తోంది.

ఆ రాత్రే కూర్చుని కమిటీ దాఖలు చేసిన అసలు పేజీ తెరిచాను. పేరు అదే, ఊరు అదే. జిప్ కోడ్‌లో చివరి అంకె వేరు. వృత్తి గడిలో వైద్యుడు అని, యజమాని గడిలో సొంత ప్రాక్టీసు అని ఉంది. ఇచ్చినాయన ఎప్పుడో పౌరసత్వం తీసుకున్న పెద్దమనిషి. ఏడాదిలో ఒకరి చందా 200 డాలర్లు దాటితే పేరు, చిరునామా, వృత్తి, యజమాని అన్నీ కమిటీ చూపాలి. నాలుగు గడులూ అక్కడే ఉన్నాయి. కుర్రవాడు మొదటి గడి దగ్గరే ఆగిపోయాడు. సవరణ మరుసటి నెల చివరి పేజీలో చిన్న అక్షరాలతో వేశారు. ఆ ఏడు ఉగాది వేడుకకు ఆ దంపతులు రాలేదు.

మన పేర్ల సంగతి నీకు తెలియనిదా? మీ పెదనాన్న చెక్కు మీద వెంకట సత్యనారాయణ, ఆఫీసులో సత్య. ఆయన చందాలు రెండు రకాల పేర్లతో వచ్చినప్పుడు ఒకే మనిషి కింద చేర్చడానికి నేనే తంటాలు పడేదాన్ని. పక్కన కూర్చుని కాఫీ కలిపి ఇచ్చేవారు పాపం. భార్యకే అంత పని పడితే, బయటివాళ్ల మాట చెప్పాలా?

ఇంకొకటి చాలామందికి తెలియదు. దాతల జాబితా ఎత్తుకుపోయి చందాలు అడగడానికో వ్యాపారానికో వాడటం నిషేధం. అలా వాడినవాళ్లు దొరికిపోవాలని ఒక్కో నివేదికలో పది వరకూ కల్పిత పేర్లు చేర్చడానికి కమిటీలకు అనుమతి ఉంది. నువ్వు రోజంతా వెతికే దాత అసలు పుట్టనే లేదేమో!

ఒకే కంపెనీ ఉద్యోగులు ఒకే రోజు ఒకే మొత్తం ఇస్తే మాత్రం ఆగి చూడు. యజమాని తన డబ్బును వాళ్ల పేర్లతో ఇప్పించడం నేరం. అయితే ఒకే విందులో అందరూ చెక్కులు రాసినా కాగితం మీద అలాగే కనిపిస్తుంది. వాళ్లను అడగకుండా ఒక్క ముక్క రాయకు.

దాతల ఇళ్లతో మ్యాపు గీస్తానన్నావట. వద్దే తల్లీ, వద్దు! రికార్డు అందరికీ అందుబాటులో ఉన్నదే, కాదనను. కానీ ఇంటి నంబరు అచ్చువేస్తే చదివేవాళ్లకు కొత్తగా తెలిసేదేమిటి? ఆ ఇంట్లో ఒంటరి ముసలావిడ ఉండవచ్చు. ఊరి పేరు చాలు. ఈ విషయంలో నా మాట కాదంటే నిజంగానే కోపం వస్తుంది.

కసిరానని ముఖం ముడుచుకోకు. ఎనిమిదేళ్ల పిల్లవి, సెలవులకు విజయవాడ వచ్చి, క్యాలెండర్ మీద అమ్మమ్మ పెట్టిన పాల గుర్తులు లెక్కపెట్టి, పాలు రాని రోజులకూ డబ్బు కట్టామని పట్టుకున్నావు. అమ్మమ్మ ఆ సంగతి వీధంతా చెప్పుకుంది. ఈ పనికి నీకంటే తగినవాళ్లు మన ఇంట్లో లేరు.

నెలనెలా లెక్క చెప్పే కమిటీ అయితే నివేదికకు గడువు సాధారణంగా 20వ తేదీ. ఈసారి రాగానే పెద్ద దాతల పేర్లు ఐదు తీసి, ఒక్కొక్కరికీ నాలుగు గడులూ నింపి నాకు పంపు. ఏ గడి సరిపోలకపోయినా ఆ పేరు పత్రికకు ఇవ్వకముందే ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండు దాటినా ఫరవాలేదు, తీస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ