బూట్ మెనూ మాయమైతే ఫార్మాట్ చేయొద్దు

ప్రశ్న: ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు (ఒక రకం లినక్స్) రెండూ వాడుతున్నాను. విండోస్‌లో పెద్ద అప్‌డేట్ ఒకటి పడి రీస్టార్ట్ అయ్యాక, ఏది కావాలో అడిగే మెనూ రావడం మానేసింది. నేరుగా విండోస్‌లోకే వెళ్లిపోతోంది. నా పరిశోధన వ్యాసం సగానికి పైగా ఉబుంటులోనే ఉంది. అడిగిన ప్రతి ఒక్కరూ రెండూ తీసేసి మళ్లీ వేసుకోవాల్సిందే అంటున్నారు. వేరే దారి లేదా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఉందమ్మా. ముందు ఒక మాట: ఎవరు చెప్పినా సరే, ఫార్మాట్ మాత్రం చేయకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఉబుంటు ఎక్కడికీ పోలేదు. దాన్ని పిలిచే వరుస మారింది, అంతే. ఇలాంటి ఉత్తరం చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఎందుకంటే చెదిరేది చిన్న ఎంట్రీ, జనం చేజేతులా పోగొట్టుకునేది ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు.

లోపల జరిగేది తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఇప్పటి కంప్యూటర్లను లేపేది యూఈఎఫ్ఐ అనే మదర్‌బోర్డు ప్రోగ్రాం. వాటిలో డిస్క్ మీద ఈఎస్‌పీ అని, బూట్ ఫైళ్లు ఉండే చిన్న ఫ్యాట్32 పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం) ఉంటుంది. విండోస్ వేసినప్పుడు మామూలుగా 100 ఎంబీ సైజులో ఏర్పడుతుంది. అందులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోల్డర్, ఉబుంటు పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటాయి. దేని బూట్ లోడర్ (ఆ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం) దాని ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి ఒకటి ఇంకొకదాన్ని చెరిపేయాల్సిన అవసరం రాదు. ముందు ఎవరిని పిలవాలన్న వరుస మాత్రం డిస్క్ మీద ఉండదు. మదర్‌బోర్డు మెమరీలో ‘బూట్‌ఆర్డర్’ అనే జాబితాగా ఉంటుంది. కొన్ని అప్‌డేట్ల తర్వాత విండోస్ ఆ జాబితాలో పైకి చేరిపోతుంది.

యూఈఎఫ్ఐకి ముందున్న పాత బయోస్ రోజుల్లో సంగతి వేరు. డిస్క్‌లో మొదటి 512 బైట్ల సెక్టార్‌లో బూట్ కోడ్‌కు దక్కేది 446 బైట్లే. అక్కడ ఒక్కరికే చోటు. చివర వచ్చినవాడు ముందున్నవాణ్ణి చెరిపి కూర్చునేవాడు. ‘విండోస్ ముందు, లినక్స్ తర్వాత’ అన్న సలహా అప్పుడు పుట్టిందే. ఇప్పటికీ అది మంచిదే. లినక్స్ బూట్ లోడర్ అయిన గ్రబ్ విండోస్‌ను వెతికి తన మెనూలో చేర్చుకోగలదు, విండోస్ లినక్స్‌ను అలా చేర్చుకోదు.

ఇక మీ పని. కంప్యూటర్ ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కుతూ ఉండండి. కొన్ని కంపెనీల వాటిలో ఎఫ్9, లేదా ఎస్కేప్. వచ్చే జాబితాలో ‘ఉబుంటు’ కనిపిస్తే దాని మీద ఎంటర్ కొట్టండి. మీ పాత గ్రబ్ మెనూ వచ్చేస్తుంది. లోపలికి వెళ్లగానే మొదట చేయాల్సింది వ్యాసాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం. ఆ తర్వాత కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరిచి ‘సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్’ అని ఇవ్వండి. ‘బూట్‌ఆర్డర్: 0000,0003’ లాంటి లైను కనిపిస్తుంది. దాని కింద 0000కి ఎదురుగా విండోస్ బూట్ మేనేజర్, 0003కి ఎదురుగా ఉబుంటు అని ఉంటుంది. మీ దగ్గర అంకెలు వేరుగా ఉండొచ్చు. అదే కమాండ్ చివర మైనస్ ఓ పెట్టి, అంకెలు తిరగేసి 0003,0000 అని ఇస్తే ఉబుంటు ముందుకొస్తుంది. టెర్మినల్ అంటే బెరుకైతే మదర్‌బోర్డు సెటప్‌లోని బూట్ పేజీలోనూ ఈ వరుస మార్చుకోవచ్చు.

జాబితాలో ఉబుంటు పేరే లేకపోతే ఉబుంటు యూఎస్‌బీ పెట్టి ‘ట్రై’ ఆప్షన్‌తో లైవ్‌గా తెరవండి. అక్కడి నుంచి కూడా మీ పార్టిషన్ తెరిచి వ్యాసం కాపీ చేసుకోవచ్చు. ఆ తర్వాత బూట్-రిపేర్ అనే టూల్ వేసి, అది సిఫార్సు చేసే రిపేర్ నడపండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆ యూఎస్‌బీని కూడా యూఈఎఫ్ఐ పద్ధతిలోనే బూట్ చేయాలి. లెగసీ (పాత బయోస్) పద్ధతిలో బూట్ చేస్తే రిపేర్ పాత పద్ధతి గ్రబ్‌ను వేసే ప్రమాదం ఉంది, శ్రమ వృథా.

గ్రబ్ మెనూ వచ్చాక అందులో విండోస్ కనిపించకపోతే కంగారు పడకండి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటోంది. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్లో ‘డిజేబుల్ ఓఎస్ ప్రోబర్’ విలువను ‘ఫాల్స్’ చేసి, ‘అప్‌డేట్-గ్రబ్’ నడిపితే విండోస్ మళ్లీ మెనూలో చేరుతుంది.

ప్రశ్న: లినక్స్ ఇక వాడను. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్ డిలీట్ చేస్తే సరిపోతుందా?

జవాబు: దానికంటే ముందు బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తీసుకురండి. గ్రబ్ ప్రోగ్రాం ఈఎస్‌పీలో ఉన్నా, దాని మెనూ ఫైల్ లినక్స్ పార్టిషన్‌లో ఉంటుంది. ఆ పార్టిషన్ ముందే తీసేస్తే తర్వాతిసారి నల్లటి తెర మీద ‘గ్రబ్>’ అని మాత్రమే కనిపిస్తుంది. ఇప్పటికే తీసేసి ఉంటే ఎఫ్12 జాబితాలో విండోస్‌ను ఎంచుకోండి, లోపలికి వెళ్తారు. ఈఎస్‌పీలో మిగిలిన ఉబుంటు ఫోల్డర్ ఒక్కటి తీసేయొచ్చు. చోటు కలిసొస్తుందని ఆ 100 ఎంబీ పార్టిషన్‌నే తీసేయకండి, విండోస్ కూడా లేవదు.

ప్రశ్న: లినక్స్ వేద్దామని కొత్త ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న లోడర్లనే నడవనిచ్చే రక్షణ) ఆపాను. ఇప్పుడు విండోస్ 48 అంకెల కీ అడుగుతోంది. నేనెప్పుడూ బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) పెట్టలేదే!

జవాబు: మీరు పెట్టకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన చాలా కొత్త మెషీన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. బూట్ అయ్యే తీరు మారిందని టీపీఎం అనే భద్రతా చిప్ గమనించింది, అందుకే కీ అడుగుతోంది. సెక్యూర్ బూట్‌ను తిరిగి ఆన్ చేయండి. చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. ఆగకపోతే వేరే ఫోన్ నుంచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ 48 అంకెల రికవరీ కీ చూడండి. దొరకగానే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ ఎక్కడా లేకపోతే డిస్క్‌లోని డేటాను ఏ రిపేర్ షాపూ తెరవలేదు. అందుకే ఈ విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను.

అసలు సెక్యూర్ బూట్ ఆపాల్సిన పనే లేదు. ఉబుంటు, ఫెడోరా వాడే ‘షిమ్’ అనే తొలి లోడర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. కొన్ని మెషీన్లలో మాత్రం సెటప్‌లో ‘థర్డ్ పార్టీ యూఈఎఫ్ఐ సీఏ’ను అనుమతించాలి. అది మార్చే ముందు కూడా కీ చేతిలో ఉండాలి. లినక్స్‌కు చోటు కోసం విండోస్ పార్టిషన్ తగ్గించే పని విండోస్ లోపలి డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి.

ప్రశ్న: లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్ తెరిస్తే చదవడమే కుదురుతోంది, సేవ్ కావడం లేదు. పైగా ఒకదాని నుంచి ఇంకొకదానికి మారినప్పుడల్లా గడియారం తప్పు చూపిస్తోంది.

జవాబు: మొదటిదానికి కారణం చాలావరకు ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నెల్ (విండోస్ కేంద్ర భాగం) స్థితిని డిస్క్‌లో దాచి పడుకుంటుంది. ఆ స్థితిలో బయటివాళ్లు రాస్తే ఫైళ్లు పాడవుతాయి కాబట్టి లినక్స్ రాయనివ్వడం లేదు. బలవంతంగా రాసే చిట్కాల జోలికి వెళ్లకండి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. ఇప్పటికిప్పుడు అవసరమైతే షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ కొట్టి లినక్స్‌లోకి రండి, రీస్టార్ట్‌కు ఈ తిప్పలు లేవు.

గడియారం సంగతి: మదర్‌బోర్డు టైమ్‌ను విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది. లినక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అని ఇస్తే అది కూడా విండోస్ లాగే చదువుతుంది. తర్వాత విండోస్‌లో ఒకసారి టైమ్ సింక్ చేసుకోండి.