ఆధార్ కాగితం ఎవరి ఫోన్‌లో ఉండిపోయింది?

ఈసారి ఉత్తరాలన్నీ ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలవే. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ‘హ్యాకర్లు’ అన్న మాట ఉంది. అడిగిన సంగతులు చూస్తే మాత్రం ఎవరో ఎత్తుకుపోయినవాటి కన్నా మనం చేతులారా ఇచ్చి మరిచిపోయినవే ఎక్కువ.

గడియారం సెంటర్‌ దగ్గర ప్రింట్ కావాలంటే జిరాక్స్ షాపు గోడ మీదున్న నంబరుకు వాట్సాప్ చేయమంటరు. ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ అట్లనే పంపిన. తర్వాత ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టిన. సరిపోతదా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

సరిపోదు. మీరు పంపిన ఫొటో షాపు ఫోన్‌కు వెళ్తుంది. అక్కడి కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటుంది కాబట్టి ప్రింట్ తీయడానికి దాన్ని డౌన్‌లోడ్ చేస్తారు. మీరు చెరిపింది చాట్‌లోని ప్రతిని మాత్రమే. కంప్యూటర్ ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డర్‌లో పడ్డది అక్కడే ఉంటుంది. షాపువాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేసే తీరిక వాళ్లకు ఉండదు. రేపు ఆ కంప్యూటర్‌లో వైరస్ పడినా, దాన్ని పాత సామానుకు అమ్మేసినా అందులో మీ ఆధార్ ఉంటుంది.

ఇకముందు ఇలా చేయండి. మై ఆధార్ పోర్టల్‌లో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘మాస్క్‌డ్ ఆధార్’ అన్న గడిలో టిక్ పెట్టండి. మొదటి 8 అంకెలు కనబడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. లాడ్జిలోనో కిరాయి ఇంటి ఓనరుకో ఇవ్వడానికి ఇది చాలు. ఆ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి 4 ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. మన దగ్గర చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటే ఆ అక్షరం, దాని పక్కన చుక్క కూడా లెక్కలోకి వస్తాయి. చుక్క తర్వాత ఖాళీ మాత్రం రాదు. అంటే పి, చుక్క, ఆ తర్వాత పేరులోని రెండక్షరాలు, చివర సంవత్సరం.

ప్రింట్ కోసం ఆ ఒక్క ఫైలే ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడం మేలు. ఊరంతటి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ వద్దు. వాట్సాప్ తప్పకపోతే ప్రింట్ చేతికొచ్చాక, కౌంటర్ దగ్గర నిలబడే, డౌన్‌లోడ్స్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయించండి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. జిరాక్స్ కాపీ ఎవరికిచ్చినా బొమ్మకు, అంకెలకు అడ్డంగా ‘ఫలానా పనికి మాత్రమే’ అని రాసి తేదీ, సంతకం పెట్టండి. పక్కన ఖాళీలో రాస్తే లాభం లేదు, కత్తిరించేస్తారు.

ఇప్పటికే పంపినవాటి సంగతి. ఇలాంటి కాగితాలతో సులువుగా జరిగే మోసం మీ పేరు మీద సిమ్ తీసుకోవడం. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో ‘మీ పేరు మీదున్న మొబైల్ కనెక్షన్లు’ అన్న విభాగం తెరిచి, మీ నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. మీది కాని నంబరు ఉంటే ‘నాట్ మై నంబర్’ నొక్కి ఫిర్యాదు పంపండి. మన రాష్ట్రంలో ఒక మనిషి పేరు మీద గరిష్ఠంగా 9 సిమ్‌లే ఉండాలి. మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు.

భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో బ్యాంకు డబ్బులు తీస్తున్నరని విన్నం. ఓటీపీ లేకుండ అదెట్ల? మా నాయిన ఖాతాకు ఏం చేయాలె?
— ఒక పాఠకుడు, దేవరకొండ

ఊళ్లలో బ్యాంకు మిత్రలు చిన్న మిషన్‌తో డబ్బిచ్చే పద్ధతికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. ఓటీపీ అడగదు, కార్డు అక్కర్లేదు. అదే దాని సౌకర్యం, దాని బలహీనతా అదే. కాగితం మీద సిరా ముద్ర స్పష్టంగా ఉంటే దాన్ని పాలిమర్ మీద అచ్చు తీయవచ్చు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి ఇలాగే ముద్రలు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాత అచ్చును, అసలు వేలును వేరుచేసి పట్టే పరీక్షను ఆధార్ సంస్థ పెట్టింది. అయినా తాళం మన చేతిలో ఉండటం మంచిది.

ఆ తాళం పేరు బయోమెట్రిక్ లాక్. మై ఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి ‘లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్’ నొక్కండి. దీనికి నాయిన ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు కలిపి ఉండాలి. పాత నంబరుంటే ఆధార్ కేంద్రంలో మార్పించుకోవాలి.

లాక్ వేసినవాళ్లు తిట్టుకునేది రేషన్ షాపులో. వేలు పెడితే మిషన్ 330 అనే ఎర్రర్ చూపిస్తుంది. డీలర్ ‘మీ వేలు అరిగిపోయింది’ అంటాడు. వేలు బాగానే ఉంది, తాళం పడి ఉంది, అంతే. కనుపాప, ముఖం కూడా అదే తాళంలో ఉంటాయి కాబట్టి కన్ను చూపినా పనికాదు. అందుకే బియ్యం తెచ్చుకునే రోజు, ముద్రతో పింఛను తీసుకునే రోజు ముందుగా ‘తాత్కాలిక అన్‌లాక్’ చేయాలి. అది కొద్ది నిమిషాలే ఉండి, తర్వాత దానంతటదే మళ్లీ లాక్ అవుతుంది. లైన్‌లో మన వంతు వచ్చాకే చేయండి, ఇంటి దగ్గర కాదు. నాయినకు స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఇది ప్రతి నెలా ఇంట్లో ఒకరి మీద పడే పని. అది కుదరదనుకుంటే బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఆధార్ ద్వారా డబ్బు తీసే సౌకర్యాన్ని ఆ ఖాతాకు ఆపించమని అడగండి. రేషన్‌కు ఇబ్బంది ఉండదు. ముద్ర ఎప్పుడూ వేయాల్సి వచ్చే పెద్దవాళ్లకు మా సలహా ఈ రెండోదే.

అదే పోర్టల్‌లో ‘అథెంటికేషన్ హిస్టరీ’ ఉంటుంది. గత 6 నెలల్లో ఆధార్ ఎక్కడెక్కడ వాడారో అందులో కనబడుతుంది. డబ్బు పోయినట్టు తెలిస్తే అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుకు 3 పనిదినాల్లోపు రాసి ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ఆలస్యమయ్యేకొద్దీ నష్టంలో మీ వాటా పెరుగుతుంది.

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెడితే నేను చూసింది ఎవరికీ కనబడదా?
— కల్వకుర్తి

మీ ఫోన్ చేతికి తీసుకున్న ఇంట్లోవాళ్లకు కనబడదు. నెట్ ఇచ్చే కంపెనీకి, మీరు వెళ్లిన వెబ్‌సైట్‌కు, కాలేజీ వైఫై నడిపేవారికి కనబడుతుంది. దాని అసలు ఉపయోగం నెట్ సెంటర్‌లో. మూసేస్తే లాగిన్ మిగలదు.

ఇంట్లో నేసిన చీరలు వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నా. నంబరు అందరికీ తెలియక తప్పదు. చీర పేరు చెప్పి రాత్రిళ్లు వీడియో కాల్స్ చేస్తున్నారు. నంబరు మార్చితే గిరాకీ పోతుంది.
— ఒక పాఠకురాలు, గద్వాల

నంబరు మార్చకండి, విడదీయండి. ఇప్పుడున్నది గిరాకీకే ఉంచి, ఇంటివాళ్ల కోసం కొత్త సిమ్ తీసుకోండి. ఒకే ఫోన్‌లో మామూలు వాట్సాప్ ఒక నంబరుతో, వాట్సాప్ బిజినెస్ మరో నంబరుతో నడుస్తాయి. బిజినెస్‌లో మీ బొమ్మ బదులు మగ్గం బొమ్మో, కొంగు బొమ్మో పెట్టండి. పనివేళలు రాసి, ఆ వేళలు దాటాక దానంతటదే వెళ్లే జవాబు, అంటే ‘అవే (Away) మెసేజ్’ పెట్టండి.

మీ సొంత నంబరులో సెట్టింగ్స్, ప్రైవసీకి వెళ్లి ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్, గ్రూప్స్ మూడింటినీ ‘మై కాంటాక్ట్స్’ చేయండి. కాల్స్‌లో ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చేయండి. దీన్ని గిరాకీ నంబరులో పెడితే కొత్త కొనుగోలుదారుల వాట్సాప్ కాల్స్ మోగవు. అక్కడ రాత్రి మాత్రమే వేసి పొద్దున తీసేయండి.

నంబరు కన్నా ఎక్కువ చెప్పేవి వేరే ఉన్నాయి. యూపీఐ ఐడీ మీ ఫోన్ నంబరుతోనే మొదలవుతుంటే డబ్బు పంపిన ప్రతివారికీ అది చేరుతుంది. యాప్‌లోనే అంకెలు లేని ఇంకో ఐడీ చేసుకుని దాని క్యూఆర్ ఇవ్వండి. కొరియర్ పొట్లం మీద పంపినవారి చిరునామాగా ఇంటి నంబరు, గల్లీ రాస్తున్నారేమో చూడండి. పోస్టాఫీసు కేరాఫ్‌తోనో, తెలిసిన దుకాణం చిరునామాతోనో పని జరుగుతుందేమో కనుక్కోండి. చీరల ఫొటోలు ఇంట్లోనే తీస్తారు కాబట్టి కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ గుర్తు పోతుంది. రంగు బాగా కనబడాలని ‘డాక్యుమెంట్’గా పంపితే ఇంటి జాడ కూడా వెంట వెళ్తుంది.

వేధించేవాడిని వెంటనే బ్లాక్ చేయాలనిపిస్తుంది. ముందు నంబరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, కాల్ లాగ్ కూడా. ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ చేసి దాచండి. అప్పుడు రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. ఆగకపోతే ఆ సాక్ష్యాలతో పోలీసుల షీ టీమ్‌కు ఫిర్యాదు ఇవ్వండి. వద్దన్నా వెంటపడి సందేశాలు పంపడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం.

‘మీ బండికి చలానా పడింది’ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వచ్చింది. మా తమ్ముడు నొక్కాడు. ఇప్పుడేం చేయాలి?
— నారాయణపేట

ఏపీకే అంటే ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ ఎక్కించే ఫైలు. నొక్కడం అంటే ఎంతవరకో తెలియాలి. ఫైలు దిగి ఊరుకుంటే తీసేస్తే చాలు. ‘ఇన్‌స్టాల్’ నొక్కి, ఎస్సెమ్మెస్‌కో, తెర మీదున్నది చదివి నొక్కనిచ్చే ‘యాక్సెసిబిలిటీ’కో అనుమతి ఇచ్చి ఉంటే ఫోన్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఆ యాప్ ఓటీపీలు చదువుతుంది, అదే ఫైలును మీ వాళ్లందరికీ పంపుతుంది. రైతు భరోసా పేరుతోనో, పెళ్లి పత్రిక పేరుతోనో తెలిసినవాళ్ల నంబరు నుంచి వస్తే నమ్మేది అందుకే.

మొదట మొబైల్ డేటా, వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, కార్డు నిలిపించండి. డబ్బు కదిలి ఉంటే 1930. జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా వేరే ఫోన్‌లోనే మార్చాలి, ఇదే ఫోన్‌లో మారిస్తే కొత్తదీ వాళ్లకు తెలుస్తుంది. చాలామంది యాప్ తీసేసి అయిపోయిందనుకుంటారు. ఇలాంటి యాప్‌లు తెర మీద గుర్తు (ఐకాన్) కనబడకుండా దాక్కుంటాయి, తీయబోతే ‘డివైస్ అడ్మిన్’ అని అడ్డుపడతాయి. ఫొటోలు మాత్రం భద్రపరచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే నమ్మకమైన దారి. తర్వాత మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లకుండా, ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో ‘కాల్ ఫార్వార్డింగ్’ తెరిచి, తెలియని నంబరుంటే తీసేయండి.

మళ్లీ జరగకుండా సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ వెతికి, ఆ జాబితాలో వాట్సాప్, క్రోమ్ రెండింటికీ అనుమతి తీసేయండి. వాట్సాప్‌లో ‘టూ-స్టెప్ వెరిఫికేషన్’కు 6 అంకెల పిన్ పెట్టండి. పుట్టిన తేదీ పెట్టొద్దు.

పాత ఫోన్ అమ్ముతున్నా. రీసెట్ చేస్తే చాలా?
— జడ్చర్ల

ముందు యూపీఐ యాప్‌ల నుంచి బ్యాంకు ఖాతా తీసేయండి. తర్వాత గూగుల్ అకౌంట్ ఫోన్‌లోంచి తొలగించి, అప్పుడు రీసెట్ చేయండి. తొలగించకుండా సెట్టింగ్స్ బయటి నుంచి రీసెట్ చేస్తే కొన్నవాడు తెరవలేక పాస్‌వర్డ్ కోసం మీకే ఫోన్ చేస్తాడు. మెమరీ కార్డు ఇవ్వకండి. ఫార్మాట్ చేసినా అందులోని ఫొటోలు తిరిగి తీయవచ్చు. రిపేరుకు ఇచ్చేటప్పుడు మాత్రం రీసెట్ అక్కర్లేదు. శాంసంగ్‌లో ‘మెయింటెనెన్స్ మోడ్’, పిక్సెల్‌లో ‘రిపేర్ మోడ్’ వేసి ఇస్తే మీ ఫొటోలు, చాట్‌లు మెకానిక్‌కు కనబడవు.