కేసు చర్చలో ఇద్దరే మాట్లాడుతున్నారంటే

తిరుపతిలో మీ మైక్రోబయాలజీ తరగతిలో చర్చకు ఒక రోగి కేసు ఇస్తే, 12 మందిలో ఇద్దరే మాట్లాడుతున్నారని రాశారు. అది పిల్లల బద్ధకం కాదండి. మీరు కేసు మొత్తం చదివి వెంటనే "చెప్పండి" అంటున్నారు. చురుకైనవాడు నోరు తెరవగానే మిగతావాళ్ల ఆలోచన ఆగిపోతుంది.

1. కేసును ముక్కలుగా ఇవ్వండి. చంద్రగిరి దగ్గర పొలం పనిచేసే మనిషి, 8 రోజులుగా జ్వరం, తలనొప్పి. అక్కడితో ఆపండి.

2. అందరూ వదిలేసేది ఇదే: చర్చకు ముందు 3 నిమిషాల మౌనం. ప్రతి ఒక్కరూ చీటీ మీద ఒక జబ్బు, ఒక పరీక్ష, ఒక కారణం రాయాలి. "వైడాల్ (టైఫాయిడ్ పరీక్ష), డెంగీ, మలేరియా అన్నీ చేయిస్తాం" అని రాస్తే తిప్పి ఇచ్చేయండి. ఒకటి ఎంచుకుని రాసినవాళ్లు దాన్ని సమర్థించుకోవడానికైనా నోరు విప్పుతారు.

3. తర్వాత నలుగురేసి కూర్చుని ఒకే జవాబుకు రావాలి.

4. ఇప్పుడు రెండో ముక్క: చంకలో నొప్పి లేని నల్లటి పెచ్చు, రక్తం కల్చర్‌లో (రక్తంలోని సూక్ష్మజీవులను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదు. "ఎందుకు పెరగలేదు?" అని మాత్రమే అడగండి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని తెచ్చే ఓరియెన్షియా బ్యాక్టీరియా సజీవ కణాల లోపలే పెరుగుతుందన్న మాట వాళ్ల నోట రావాలి. నేను మొదటి ఏడాది ఆగలేక చెప్పేసేదాన్ని. తరగతి అక్కడే చల్లబడేది.

చీటీలకు మార్కులు వేయకండి. వేస్తే పక్కవాళ్ల చీటీలోకి తొంగిచూస్తారు.