సోంపేట తమ్ముడికి: ముందు స్లాబు, తర్వాతే సోలార్

తమ్ముడూ, కాలనీ ఇంట్లో రాత్రి పదకొండైనా స్లాబు సెగ దిగట్లేదు, సోలార్ పెట్టించి ఏసీ కొననా అని అడిగావు. ఏసీ మాట తర్వాత. మాదీ విజయనగరం దగ్గర అలాంటి ఇల్లే. స్లాబుకి తెల్ల సున్నం రెండు పూతలు వేశాక, మిట్టమధ్యాహ్నం కూడా దాని మీద అరికాలు ఆనించగలిగాను. పడమటి గోడకు కొబ్బరాకు తడిక కట్టు, పక్కన మునగ నాటు. తూర్పు కిటికీలోంచి సముద్రపు గాలి వస్తుంది కదా, దానికి ఎదురు గోడలో పైన వెంటిలేటర్ పెట్టించు.

ఇక సోలార్. ఇంటిపై సోలార్‌కు కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్‌లో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000 రూపాయల రాయితీ ఉంది. ప్యానెళ్లు దక్షిణం వైపు వాలుగా ఉండాలి. 2018లో తిత్లీ తుపాను మీ వైపు ఎలా విరుచుకుపడిందో చూశావుగా, స్టాండుకి గట్టి బోల్టులు వేయించు. వాటి చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ మాత్రం మరవకు, లేదంటే వానకు స్లాబు కారుతుంది.